అనసూయ టీచర్ అడిగిన బూట్లు

మొన్న నల్లగొండలో ఒక బూట్ల దుకాణానికి వెళ్లాను. అక్కడ పనిచేసే అమ్మాయి డబ్బా తెరిచి పైనున్న పల్చటి కాగితం తీయగానే కొత్త రబ్బరు, జిగురు కలిసిన వాసన గుప్పుమంది. నేను కాలు పెట్టి చూడకుండా బూటు లోపల కుట్టిన లేబుల్‌ను తిరగేశాను. "సైజు డబ్బా మీద ఉంది మేడం" అన్నదా అమ్మాయి. సైజు కోసం కాదని, ఎక్కడ తయారైందో చూస్తున్నానని చెప్పాను. ఆమె నావైపు కొంచెం వింతగా చూసింది. ఒకప్పుడు అనసూయ టీచర్ వైపు నేనూ అలాగే చూసేదాన్ని.

అనసూయ టీచర్ దేవరకొండలో ఆటల టీచరు. నాకు బడిలో చెప్పలేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో కానిస్టేబుల్ ఉద్యోగాలు పడతాయని చుట్టుపక్కల పల్లెల పిల్లలమంతా పొద్దు పొడవకముందే కాలేజీ గ్రౌండుకు చేరి పరుగెత్తేవాళ్లం. మాది గొర్లు కాసుకునే ఇల్లు. బాపు నన్ను బండి మీద గ్రౌండు దగ్గర దింపి మంద దగ్గరికి వెళ్లిపోయేవాడు. టీచర్ అక్కడికి తన నడక కోసం వచ్చేవారు. నాలుగు రోజులు మమ్మల్ని చూసి, ఎవరూ అడగకుండానే ఆడపిల్లలందరినీ ఒక పక్కకు పిలిచి నేర్పించడం మొదలుపెట్టారు. పొట్టి మనిషి, బలమైన కాళ్లు, ఎత్తి దోపిన చీర కుచ్చిళ్లు, మెడలో విజిల్. గొంతు పెంచేవారు కాదు గానీ, పట్టిన పని విడిచేవారు కాదు.

నేను సంతలో కొన్న బూట్లతో పరుగెత్తేదాన్ని. ఒక పొద్దున పరుగు మధ్యలో సోలు ఊడిపోయింది. అది వెనక పడిపోయిన సంగతి కూడా నాకు తెలియలేదు. టీచర్ దాన్ని ఏరుకొచ్చి నా చేతిలో పెట్టారు. "గివి నిన్ను ఆఖరిదాక తీస్కపోవు మల్లీ. బాపుకు చెప్పు, ఆదివారం నల్లగొండ పోదాం. మన దేశంల చేసిన బూట్లు కొందాం" అన్నారు. ఆ చివరి మాట నేను పెద్దగా పట్టించుకోలేదు. బూట్లంటే బూట్లే కదా అనుకున్నాను.

ఆ మాట బరువు మొదటి దుకాణంలోనే తెలిసింది. యజమాని మనందరికీ తెలిసిన మన దేశపు కంపెనీ జత ఒకటి తెచ్చి పెట్టాడు. టీచర్ కళ్లద్దాలు సవరించుకుని లేబుల్ చదివారు. అందులో వేరే దేశం పేరుంది.

"పేరు మనోళ్లదే మేడం. మాలు బయట చేపిచ్చుకుంటరు" అన్నాడాయన.

"మరి మనోళ్లు ఏం జేస్తరు?"

"అమ్ముతరు మేడం."

ఇంకో దుకాణంలో డబ్బా మీద మూడు రంగుల స్టిక్కర్ అంటించి ఉంది. టీచర్ గోటితో దాని అంచు లేపారు. కింద మళ్లీ ఇంకో దేశం పేరు. దుకాణదారు ఏమీ తడబడలేదు. "గది అంటిస్తే జర బాగ పోతయి మేడం" అన్నాడు. టీచర్‌కు నవ్వాగలేదు, ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంతకుముందే ఒక లేత నీలం జత తొడిగి చూశాను. కాలికి ఏదీ లేనట్టే ఉంది. దాన్ని కూడా లేబుల్ చూసి పక్కన పెట్టించారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది, కడుపు కాలుతోంది. "యాడ జేస్తే ఏంది టీచర్, ఉరికేది నేనే గదా" అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. నార్కట్‌పల్లిలో రోడ్డు పక్కన దుకాణంలో ఒకాయన ఇక్కడి ఫ్యాక్టరీల మాలు అమ్ముతాడని ఎవరో చెబితే, నన్ను ఆ బస్సెక్కించారు.

నార్కట్‌పల్లిలో దిగి చాయ్ తాగుతుంటే తన తమ్ముడి సంగతి చెప్పారు. "మా తమ్ముడు పట్నం దిక్కు బూట్ల కంపెనీల మిషన్ కుట్టేటోడు. మంచి పనోడు. ఒకనాడు బయటి దేశంకెల్లి కంటైనర్ల తయారైన బూట్లే దిగినయట. మీద పేరు మాత్రం గా కంపెనీదే. ఎన్కనుంచి మిషన్లు అమ్ముకున్నరు. ఇప్పుడు ఆటో నడుపుతుండు. ఆటో నడుపుడు తప్పని గాదు బిడ్డా. కానీ ఆయన చేతిల పని పోయింది." చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "అందుకే అడుగుత. లేవని తెలిసినా అడుగుత. అడిగేటోళ్లు లేరనే గదా వీళ్లు తెప్పియ్యరు" అన్నారు.

ఆ దుకాణంలో నిజంగానే ఇక్కడ తయారైన జత దొరికింది. బూడిద రంగు, బరువు, మగవాళ్ల సైజు. ఆడవాళ్లకు ఆ కంపెనీ చేయదట. ఉన్నవాటిలో చిన్నది కూడా నాకు వదులే. రెండేసి సాక్సులు తొడుక్కుంటే సరిపోతుందని దుకాణదారు అన్నాడు. సరిపోతుందనే మేమిద్దరం అనుకున్నాం.

సరిపోలేదు. వారం తిరక్కుండా మడమలు ఒరుసుకుపోయాయి. ఒక పొద్దున నేను కుంటడం చూసి టీచర్ "విప్పు" అన్నారు. సాక్సు నెత్తురుతో మడమకు అంటుకుపోయింది. ఆమె నేల మీద కూర్చుని, నా కాలు ఒళ్లో పెట్టుకుని, సీసాలో నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా ఊడదీశారు. తర్వాత డబ్బా మీద చూసి రాసుకున్న కంపెనీ నంబరుకు మా అందరి ముందే ఫోన్ కలిపారు. అవతల హిందీలో ఎవరో మాట్లాడారు. టీచర్ మన పట్నం హిందీలో, ఆడపిల్లలకు ఎందుకు చేయరని అడిగారు. ఎవరూ అడగడం లేదని జవాబు వచ్చింది. "నేను అడుగుతున్నాను కదా, రాసుకోండి" అని చెప్పి పెట్టేశారు. ఆ తర్వాత కూడా వీలున్నప్పుడల్లా ఆ నంబరుకు చేస్తూనే ఉన్నారు.

నా మడమలు మానేలోగా ఆమె ఒక్కరే నల్లగొండ వెళ్లి వచ్చారు. తెచ్చింది ఆ లేత నీలం జత.

"ఇవి బయటివి గదా టీచర్" అన్నాను.

"నాకెరుకే. తొడుక్కో."

"మీరే వద్దంటిరి."

"నా కొట్లాట కంపెనీలతోని. నీ మడిమెలతోని గాదు" అన్నారు.

ఆ బూడిద రంగు జత ఆమెకు సరిగ్గా సరిపోయింది. మగవాళ్ల బూట్లని ఎవరైనా నవ్వితే "కాళ్లకు తెల్వదు లే" అనేవారు. ఉద్యోగ విరమణ దాకా చీర కింద అవే వేసుకుని గ్రౌండు చుట్టూ తిరిగారు. నేను నీలం బూట్లతో పరుగు నెగ్గాను. పరీక్ష కూడా గట్టెక్కి కానిస్టేబుల్‌ అయ్యాను. మిఠాయి తీసుకెళ్తే ఒక ముక్క తిని, మిగతాది గ్రౌండులో పిల్లలకు పంచమన్నారు.

తర్వాత ఆమె హుజూర్‌నగర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. కొన్నేళ్లకు ఒకరోజు ఫోన్ చేసి, ఆ కంపెనీ ఆడవాళ్ల సైజులు తెచ్చిందని చెప్పారు. ఆమె చేసిన ఫోన్ల వల్లే వచ్చాయని నేననుకోను, ఆమె కూడా అనుకోలేదు. నాకు సెలవు దొరికిన రోజు ఇద్దరం హుజూర్‌నగర్‌ బజారుకు వెళ్లాం. కుట్టు ఇక్కడిదే గానీ సోలు మాత్రం బయటినుంచి వస్తుందని దుకాణదారు నిజాయితీగా చెప్పాడు. టీచర్ ఇప్పుడేమంటారోనని చూశాను. "కుట్టినోళ్లు ఇక్కడోళ్లే గదా, ఇయ్యి. సోలు సంగతి మళ్ల అడుగుదాం" అని నా సైజు జత కొనిచ్చారు.

పోయిన ఎండాకాలం ఆమె కాలం చేశారు. తమ్ముడు ఫోన్ చేసి చెబితే హుజూర్‌నగర్‌ వెళ్లాను. ఆయన్ను నేను చూడటం అదే మొదటిసారి. లోపల కూర్చుని బయటికొచ్చేసరికి గడప దగ్గర ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను విడిచిన ఆ హుజూర్‌నగర్‌ జతలో బూటు ఒకటి చేతిలోకి తీసుకుని పక్క కుట్టు మీద బొటనవేలు పెట్టి చూస్తున్నాడు. నన్ను చూసి కొంచెం సిగ్గుపడి కింద పెట్టాడు. "అక్క కొనిపిచ్చిందా?" అన్నాడు. అవునన్నాను. "మంచిగ కుట్టిండ్రు" అన్నాడు.

బూట్లు ఏ దేశంలో తయారవ్వాలన్నది నా చేతిలో లేదని నాకు తెలుసు. చాలాసార్లు బయటివే కొన్నాను, అవసరమైతే ఇకముందు కూడా కొంటాను. టీచర్ దగ్గర నేను నేర్చుకున్నది అడగడం. మా స్టేషన్‌కు ఒక ఏడాది రెయిన్‌కోట్లు వచ్చాయి, అన్నీ పెద్ద సైజువే. మేం ఆడ కానిస్టేబుళ్లం చేతులు మడుచుకుని, అంచులు ఎత్తి పట్టుకుని వానలో డ్యూటీ చేశాం. ఒకరోజు నేను సారు దగ్గరికి వెళ్లి, మాకు చిన్న సైజులు కావాలని అడిగాను. ఆయన తలెత్తి "ఇన్నేండ్ల సంది ఎవ్వరు అడగలేదు గదమ్మా" అన్నారు. "ఇప్పుడు అడుగుతున్న సార్" అన్నాను. వెనకనుంచి ఇంకొకామె, "నాక్కూడ సార్" అన్నది. ఆయన కాగితం తీసి రాసుకున్నారు. మరుసటి వానాకాలానికి నా కొలతకు దగ్గరగా ఉన్న కోటు వచ్చింది. చేతులు మాత్రం ఇంకా కొంచెం పొడుగే. మళ్లీ వెళ్లి అడిగాను.