గోడ మీద ఆరేసిన బొంత

వాన వెలిసిన మరునాడు మా డాబా మీద పాత నూలు చీరలు ఆరేస్తే, ఎండ ఎక్కేకొద్దీ వాటి నుంచి ఒక వాసన లేస్తుంది. సబ్బు వాసన కాదు అది. ఏళ్ల తరబడి ఒంటిని అంటిపెట్టుకుని మెత్తబడిపోయిన నూలు, తడి వదులుతూ వెచ్చబడే వాసన. ఇంట్లో మిగతావాళ్లకు అది కమ్మగా ఉంటుందట. నాకు మాత్రం అది ముక్కుకు తగలగానే మెడ వెనక వేడెక్కుతుంది, తల దానంతట అదే వంగిపోతుంది. ఎనభైకి దగ్గరపడినా ఆ వాసన దగ్గర నేను ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి పిల్లనే. ఇంటి ముందు మొండిగోడ మీద నా బొంత ఆరుతుంటే, దాన్ని చూడనట్టు దాని పక్కనుంచే బడికి పోవాల్సిన పిల్లని.

ఆ రోజుల్లో మా వీధిలో కొన్న దుప్పటి ఉన్న ఇల్లు నాకు గుర్తు లేదు. అందరివీ బొంతలే. కన్నడం కలిసిన మా వైపు కొందరు కౌది అనేవాళ్లు. పంటకోతలు అయిపోయి ఎండలు ముదిరే ముందు, మగ్గాల చప్పుడు మధ్యాహ్నం కాస్త తగ్గిన వేళ, ఆడవాళ్లు పడసాలలో పాత పంచె పరిచి, దాని మీద చిరిగిన చీరలు పొరలు పొరలుగా వేసి, పై పొరకు రంగురంగుల పేలికలు అతికి, అంచు నుంచి నడుమకు కుట్టుకుంటూ పోయేవాళ్లు. కుట్టేవాళ్లు బొంత మీదే కూర్చోవాలి, అలా కూర్చుంటేనే పొరలు కదలవు. మా నాన్న నేసిన చీరలు అంగడికి వేసేందుకు ఆదోని పోయినప్పుడల్లా, అక్కడి దర్జీల దగ్గర కత్తిరింపు ముక్కలు సంచి నిండా అడుక్కొచ్చేవాడు. ఆ సంచి విప్పిన రోజు మాకు పండగ. పట్నంలో ఎవరెవరో తొడుక్కునే చొక్కాల రంగులు, పువ్వుల చీటిగుడ్డలు, నున్నటి సాటిను ముక్కలు మా మట్టినేల మీద పడి మెరిసేవి. బొరుగులు, వేయించిన శెనక్కాయలు ఒళ్లో పోసుకుని నేను వాటిని రంగుల వారీగా కుప్పలు పెట్టేదాన్ని.

బొంతలు కుట్టడంలో మా వీధికంతా మా నరసమ్మవ్వ పెద్ద. నాన్నకు తల్లి. పొడుగ్గా, వెదురుగడలా నిటారుగా ఉండేది. ఆమె పైకుట్టు దూరం నుంచి చూస్తే చీమలబారులా కనిపించేది. బొంత మూసే ముందు చివరి మూలలో చిన్న జొన్నరొట్టె తునక పెట్టి కుట్టేది. "బొంతకు కడుపు కాలీగ ఉండకూడదు మే, కప్పుకున్నోళ్లకు ఆకలయితాది" అనేది. మనిషి శుభ్రానికి పెట్టింది పేరు. తెల్లవారకముందే స్నానం, మడత నలగని చీర, ఎవరింటికైనా పోతే ముందు చాప దులిపి కూర్చోవడం. వీధిలో ఆమె మాటకు ఎదురు లేదు.

అలాంటి అవ్వ పక్కన పడుకునే నాకు, ఉరుకుంద ఈరన్న సామి పేరు పెట్టుకుని ఈరమ్మనైన నాకు, తొమ్మిదో ఏడు దాటినా పక్క తడిపే అలవాటు పోలేదు. చెయ్యని వైద్యం లేదు. నువ్వులూ బెల్లమూ దంచి రోజూ ఒక ఉండ మింగించారు. దర్గా దగ్గర తాయెత్తు కట్టించారు. శ్రావణమాసంలో ఉరుకుంద జాతరకు బండి కట్టుకుని పోయి, తడి బట్టలతో గుడి చుట్టూ నన్ను తిప్పి, అమ్మ మొక్కుకుంది. జాతరలో మేం ఓళిగలనే బొబ్బట్ల వాసన, కొబ్బరి వాసన, బెండు బత్తాసులు, వేల మంది జనం, దుమ్ము. అన్నీ బాగున్నాయి కానీ, నాకు ఆ రోజంతా ఒకటే దిగులు. ఇంతమంది పరాయివాళ్ల మధ్య పడుకోవాలే అని. పొద్దు వాలిందంటే నేను నీళ్లు ముట్టేదాన్ని కాదు. నాలుక అంగిలికి అంటుకుపోయేది. అయినా పొద్దున్నే బొంత తడిగానే ఉండేది.

ఆ తడి బొంతను పెరట్లో ఆరేస్తే ఏం పోయేదని అనుకునేదాన్ని. పెరట్లో మగ్గం నూలు ఆరాలి, ఎండ కూడా తక్కువ. అందుకని అవ్వ దాన్ని వీధి గోడ మీదే వేసేది. "ఎండ తగిల్తేనే వాసన పోతాది. దాసిపెడితే పురుగు పడతాది" అనేది. నన్ను అల్లరి పెట్టాలని కాదు, ఆమెకు శుభ్రం అలాంటిది. కానీ వీధిలో పిల్లలకు అది రోజూ చదివే బోర్డు. గోడ మీద బొంత ఉందంటే అచ్చనగండ్లు ఆడేచోట ఎదురింటి పార్వతి మొదలుపెట్టేది: "ఈరీ ఈరీ, మీ ఇంట్లో వానొచ్చెనా?" మిగతావాళ్లు అందుకునేవాళ్లు. నేను గచ్చకాయలు ఒళ్లో వేసుకుని లేచిపోయేదాన్ని.

పదకొండో ఏట నాకు రెండు మంచి సంగతులు జరిగాయి. మా ఊళ్లో ఆడపిల్లలకు కుట్టు క్లాసు పెట్టారు. వారానికోసారి ఎస్తేరమ్మ టీచరు ఆదోని నుంచి బస్సులో వచ్చేది. తెల్ల చీర, చేతిలో గొడుగు, తీపి గొంతు. ఒక పాత గోదాం వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి కాజాలు, గొలుసు కుట్టు నేర్పేది. తర్వాత అందరం కలిసి ఒక పెద్ద పేలికల బొంత మొదలుపెట్టాం. ఎవరి ముక్క వాళ్లు తేవాలి, ఎవరి గడి వాళ్లు కుట్టాలి. అవ్వ దగ్గర నేర్చిన చెయ్యి కాబట్టి నా కుట్టు టీచరుకు నచ్చింది. నన్ను నడిమి గడి కుట్టమంది. రెండో సంగతి, ఆ చలికాలంలోనే, ఏ మందుకో ఏ మొక్కుకో తెలియదు, నా పక్క తడవడం ఆగిపోయింది. ఒకరోజు పొడిగా లేచాను. మర్నాడూ పొడిగానే. కొన్నాళ్లకు గోడ ఖాళీ అయింది. ఆ ఖాళీ గోడను చూసుకుంటూ బడికి పోవడం ఎంత బాగుండేదో చెప్పలేను. పార్వతి కూడా పాట మర్చిపోయింది.

ఉగాది దగ్గర పడుతుండగా ఒక తెల్లవారుజామున పక్క చల్లగా తగిలి మెలకువ వచ్చింది. మళ్లీ మొదలైందా అని చేత్తో తడిమి చూసుకున్నాను. నా పావడా పొడిగా ఉంది. తడి అవ్వ వైపు ఉంది. అవ్వ లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. చీర మోకాళ్ల మీద కుప్పగా పట్టుకుని, నా వైపు చూడకుండా, చూరు వైపు చూస్తోంది. ఆమె జుట్టు విడిపోయి ఉండటం నేను చూడటం అదే మొదలు. అమ్మ వచ్చి, చూసి, బొంత చుట్టి బావి దగ్గరకు పట్టుకుపోయింది.

ఎప్పటిలాగే అది వీధి గోడ ఎక్కింది. అలవాటుగా అమ్మే వేసిందో, అవ్వే వెయ్యమందో తెలియదు. పార్వతి వాళ్లమ్మ కాశమ్మ కడవతో పోతూ ఆగి, "ఏందత్తా, మళ్లా గోడెక్కినాది బొంత?" అంది. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నేను తలుపు పక్కన జడ వేసుకుంటున్నాను. అవ్వ గొంతు సవరించుకుని, "ఇంగెవురు, మా పిల్లదే. మానినాదనుకుంటిమి, మళ్లా మొదులుపెట్టె" అంది.

నా చేతిలో జడ విడిపోయింది. కాశమ్మ నన్ను చూసి నవ్వింది. అవ్వ చూడలేదు.

లోపలికి పోయి ఏడిస్తే అమ్మ మగ్గం గుంతలోంచి నన్ను దగ్గరకు లాక్కుంది. ఆమె చేతికి గంజి వాసన. "నాది కాదు గదమ్మా, నీకు తెల్సు గదా" అన్నాను. అమ్మ నా విడిపోయిన జడ మళ్లీ అల్లుతూ, "తెల్సులే. నువ్వు సిన్నదానివి. పెద్దయినాక నీది అందరూ మర్సిపోతారు. ముసలామెది మర్సిపోయేకి ఆమెకు ఇంగ కాలం యాడుండాది?" అంది. ఆ మాటలో న్యాయం నాకు అప్పుడు కనబడలేదు. నేను నోరు మూసుకున్నది అవ్వ మీద ప్రేమతో కాదు. ఎవరికి చెప్పినా నమ్మరని తెలిసి మూసుకున్నాను.

తర్వాతి క్లాసులో నేను బొంత మీదికి అడుగు పెట్టబోతే పార్వతి కాళ్లు చాపి అడ్డం పెట్టింది. "టీచర్, ఈరి బొంత మీద కూసుంటే మేము కుట్టం" అంది. పిల్లలు నవ్వారు, ఒకరిద్దరు ముక్కు మూసుకున్నారు. ఎస్తేరమ్మ టీచరు అందరినీ కోప్పడింది కానీ, గొడవ ఎందుకనుకుందో ఏమో, "నువ్వు అంచు దగ్గర నేల మీద కూర్చో తల్లీ, ఈ పూటకు" అంది. ఆ పూటే కాదు, బొంత అయ్యేదాకా నా చోటు నేల మీదే. నడిమి గడి నాది. నేల మీద నుంచి చేయి చాపితే అది అందదు. దాన్ని పార్వతి పూర్తి చేసింది.

బొంత తయారయ్యాక టీచరు మమ్మల్ని ఆదోని తీసుకుపోతానంది. ఆస్పరి నుంచి, కృష్ణగిరి నుంచి కూడా క్లాసుల పిల్లలు తమ కుట్టుపనులు తెస్తారట. ఒక రాత్రి అక్కడే పడుకుని మరునాడు రావాలి. నేను అప్పటికి ఆదోని చూడలేదు. నాన్న చెప్పే పత్తి బోరేల బండ్లు, జిన్నింగు మిల్లు కూత, దీపాల బజారు, దర్జీల అంగళ్లు అన్నీ కళ్లలో తిరిగాయి. ఆ సాయంత్రం టీచరు మా ఇంటికే వచ్చింది. అరుగు చివర కూర్చుని, గొంతు తగ్గించి అమ్మను అడిగింది.

"పిల్లల్ని నా ఇంట్లోనే పండుకోబెడతానమ్మా. మరి మీ పాపకు ఆ ఇబ్బంది... తగ్గిందా? తగ్గిందని మీరంటే నేను తీసుకుపోతాను. ఎవరేమన్నా సరే."

పడసాల మంచం మీద అవ్వ ఉంది, కాశమ్మ ఎదురు గడపలోనే నిలబడి చూస్తోంది. నేను అమ్మ ముఖం వైపే చూస్తున్నాను. తగ్గిందని ఒక్క మాట అంటే చాలు. కానీ తగ్గిందంటే ఇంకా గోడెక్కుతున్న బొంత ఎవరిదని అడుగుతారు. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "లేదు టీచరమ్మా. ఇంగా మానలేదు. పంపీను" అంది.

నా కన్నతల్లి నోటితో ఆ మాట. ఒంటి మీద బట్టలు లేకుండా వీధిలో నిలబడినట్టయింది.

వాళ్లు బస్సెక్కిన రోజు నేను బడికి పోలేదు. మధ్యాహ్నం అవ్వ పడసాలలో కొత్త బొంత పరుచుకుంది. "మే ఈరీ, సూదిలో దారం ఎక్కిచ్చు" అని పిలిచింది. ఎక్కించి ఇచ్చి దూరంగా నేల మీద కూర్చున్నాను. అవ్వ కుట్టు ఆపింది. "ఆడేంటికి? బొంత మీదికి రా. నడిమిట్ల కూసో" అంది. నేను కదల్లేదు. నడుమ చోటు చేత్తో తట్టి మళ్లీ అంది. పోయి కూర్చున్నాను. ఎండ వాలేదాకా ఇద్దరం కుట్టాం. ఆమె కుట్లు వంకరపోతున్నాయి. పెదవులు ఎండి చీలి ఉన్నాయి. నేను చెంబుతో నీళ్లు తెచ్చి "తాగవ్వా" అంటే చేత్తో పక్కకు జరిపి, "వొద్దులే, పొద్దు గూకుతాంది" అంది.

ఆ మాట నాది. ఏళ్ల తరబడి నేను అందరికీ చెప్పిన మాట. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆమె మీద కోపం పోయిందని చెప్పను. కోపం ఉండగానే, ఆమె దాహం నా గొంతులో తెలిసింది.

వానలు మొదలయ్యేసరికి అవ్వ మంచం పట్టింది. నా పేరు మీదే బొంతలు గోడెక్కుతూ ఉండేవి. తీతువులు అరిచే ఒక పొద్దుపొడుపున ఆమె పోయింది. వీధి వీధంతా వచ్చింది. స్నానం చేయించి మడత నలగని చీర కట్టి అరుగు మీద కూర్చోబెడితే అవ్వ మళ్లీ నిటారుగా కనబడింది. కాశమ్మ ముక్కు చీదుతూ, "మహాతల్లి, కడదాక సుబ్రంగ పోయె. ఎవురి సేతా ఒక మాట పడలే" అంది. అందరూ అవునవును అన్నారు. అమ్మ నా వైపు చూసింది. కాశమ్మ కూడా చూసింది. "నువ్వూ ఇంగనన్నా మాను మే. ఇంగ అవ్వ గూడ లేదు నీ బొంతలు ఉతికీనీకి" అంది. నేను తల వంచుకుని "సరే పెద్దమ్మా" అన్నాను.

మరునాటి నుంచి గోడ ఖాళీగానే ఉంది. అవ్వ చావుకు భయపడి పిల్ల మానుకుందని వీధిలో చెప్పుకున్నారు.

ఇప్పుడు ఆ వీధిలో మొండిగోడలు లేవు, మగ్గాలు చాలా ఇళ్లలో లేవు. పాత చీరలు కుప్పపోసి ఎవరూ బొంతలు కుట్టరు. పొరల మధ్య రొట్టె తునక పెట్టే మనిషి నాకు తెలిసి ఒక్కరూ మిగల్లేదు. ఎవరింట్లో ఎవరి పక్క ఏమైందో ఎదురింటికి తెలిసే వీలే లేదు. మొన్న వానాకాలంలో ఒక పొద్దున నా పక్క తడిసి ఉంది. కోడలు పల్లెత్తు మాట అనలేదు. దుప్పటి తీసి మిషన్‌లో వేసి మూత మూసి, "కాఫీ తాగండత్తయ్యా" అంటూ గ్లాసు చేతికిచ్చింది. మిషన్ తిరిగింది, ఆగింది. వీధిలో ఎవరికీ ఏమీ తెలియలేదు. అయినా ఆ రోజు పొద్దుగూకేదాకా నేను వీధి వైపు కిటికీ దగ్గరకు పోలేకపోయాను.