కిక్కిస పొదల్లో గొంతు

ఏలూరులో జైనబీని అందరూ బూబమ్మ అనేవారు. తండ్రి హకీం, అంటే యునానీ వైద్యుడు. మగపిల్లలు లేకపోవడంతో నాడి చూడడం ఆయన కూతురికే నేర్పాడు. ఆయన పోయాక ఆడవాళ్ళకి ఆవిడే మందిచ్చేది.

పంతొమ్మిది వందల యాభైమూడులో వచ్చిన వరదల తర్వాత, కార్తీకంలో, కొల్లేటి లంక నుంచి వీర్రాజు అనే జాలరి వచ్చాడు.

"మా చెల్లెలు సత్యవేణికి గాలి సోకిందండీ. తాయెత్తు కట్టిపెట్టండి బూబమ్మగారూ."

"ముందు మనిషిని చూడనీ నాయనా."

మర్నాడు పొద్దున్నే జైనబీ అతని దోనె ఎక్కింది. సరస్సు మీద మంచు విడలేదు. అన్ని వేల పిట్టలుండే చోట ఒక్కటీ కూయడం లేదు.

సత్యవేణిని పాక గుంజకి కట్టేసి ఉంచారు. వీపు మీద వేపబెత్తం వాతలు. జైనబీ దగ్గరకెళ్ళి చెయ్యి పట్టుకోగానే ఆమె నోటి నుంచి నాలుగేళ్ళ పిల్ల గొంతు వచ్చింది.

"అమ్మా, నీళ్ళు చల్లగా ఉన్నాయే."

జైనబీ చెయ్యి వదల్లేదు. మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూసింది. నాడి నీరసంగా, తడబడుతూ ఉంది.

"కట్లు విప్పు," అంది వీర్రాజుతో.

"అమ్మో, నీళ్ళలోకి పరిగెడతాదండీ! మొన్న భూతవైద్యుణ్ణి కూడా కరిచిందండీ."

"మతి చెదిరినవాళ్ళు చేసింది దేవుడు తప్పుల లెక్కలో రాయడని మా మతంలో చెబుతారు. మనమెవరం కొట్టడానికి? నేను పక్కనే ఉంటాను, విప్పు."

పదకొండు రోజులు అక్కడే ఉండిపోయింది. దుఃఖంలో ఉన్నవాళ్ళకి బార్లీ జావ పెట్టమని ప్రవక్త చెప్పారని తండ్రి అనేవాడు. పాలూ తేనే కలిపి ఆ జావే కాచి, చెంచాతో తాగించింది. వాతలకి నూనె రాసింది. నాలుగోనాడు మెల్లగా అడిగింది.

"పాప పేరేంటమ్మా?"

మూడు నెలలుగా ఆ మాట ఎవరూ అడగలేదు. వరద ఎత్తుకుపోయిన సత్యవేణి కూతురి పేరు పలికితే దయ్యం వస్తుందని లంకంతా భయం.

"తాయారండీ," అంది సత్యవేణి, తన సొంత గొంతుతో. అప్పుడు ఏడ్చింది.

పిల్ల పోయిన చోటు చూపిస్తానని పదోనాడు తనే అంది. వీర్రాజు దోనె తోశాడు. కిక్కిస పొదల దగ్గర ఆగారు. గాలి లేదు, రెల్లు కదలడం లేదు. సత్యవేణి పెదవులు బిగించుకుని కూర్చుంది. జైనబీ ఆమె ముఖంలోకే చూస్తోంది.

"అమ్మా," అని పొదల్లోంచి వినిపించింది.

సత్యవేణి గిరుక్కున తిరిగింది. "మీకూ వినపడిందా అండీ?"

లేదనడం తేలిక. కానీ రోగితో అబద్ధమాడడం జైనబీకి ఇంట్లో నేర్పలేదు. "వినపడిందమ్మా," అని, అరచేతులు చాచి ఆ బిడ్డ కోసం దేవుణ్ణి వేడుకుంటూ దువా చేసింది. సత్యవేణి ఆవిడ భుజం మీద తల వాల్చి, దోనెలోనే నిద్రపోయింది.

ఆ గొంతు మళ్ళీ ఆమె నోట రాలేదు. పై యేటికల్లా అన్నతో కలిసి వలకి వెళ్ళసాగింది. జైనబీ లంకలకి వెళ్ళి మందిస్తూనే ఉంది గానీ, ఆ పొదల వైపు దారి మాత్రం మళ్ళీ తొక్కలేదు.

ఆ రోజు దోనె తోసిన వీర్రాజు మాత్రం తనకేమీ వినపడలేదనే చెప్పేవాడు.