మేస్త్రీ గారికి దొరకని శబ్దం

పోయిన నెలలో ఒక బుధవారం, గవర్నర్‌పేటలో బట్టల బేళ్లు బండికి ఎక్కిస్తుంటే ఫోన్ వచ్చింది. ఆటోనగర్‌లో నా బండి బాగుచేసే మేస్త్రీ గారి షెడ్డు పక్కన లేత్ మిషన్ పెట్టుకున్నాయన చేశాడు. "మీకు చెప్పాలి కదండీ, అందుకే చేశాను. మేస్త్రీ గారు పోయారు. పొద్దున షెడ్డు తీయకపోతే ఇంటికెళ్లి చూశాం. నిద్రలోనే పోయారండీ" అన్నాడు. నేను ఆయన చుట్టాన్ని కాను, ఆయన వీధివాణ్ణీ కాను. అయినా నాకు చెప్పాలని ఒకరికి తోచింది. ఆ మాటకే నాకు ముందు ఏడుపొచ్చింది.

నాకున్నది ఒక పికప్ బండి. విజయవాడలో బట్టలు ఎక్కించుకుని గుడివాడ, అవనిగడ్డ, రేపల్లె కొట్లలో దించి వస్తాను. ఎనిమిదేళ్ల కిందట ఆ బండికి ఓ రోగం పట్టుకుంది. పరుగెత్తేటప్పుడు రోడ్డు హోరులో తెలిసేది కాదు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, బానెట్ కింద ఏదో మూలిగేది. ఇద్దరు మెకానిక్‌లు చూసి ఇంజన్ దించాల్సిందే అన్నారు. ఆ చిరాకులో మూడో చోటికి పోతే, అక్కడ ఈయన ఉన్నారు.

బానెట్ ఎత్తలేదు. బండి ఆపించి, "ఎట్టా వస్తోందండీ శబ్దం? నోటితో చేసి చూపించండి" అన్నారు. ఆ షెడ్డులో అది ఆచారం. ఎంతటివాడైనా సరే, నోటితో చేసి చూపించందే ఆయన స్పానర్ పట్టేవారు కాదు. చుట్టూ నలుగురు డ్రైవర్లు నవ్వు ఆపుకుంటూ చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. "మిమిక్రీ చేయడానికి రాలేదండీ నేను" అన్నాను.

"డాక్టరు దగ్గమంటే దగ్గి చూపించరా? ఇదీ అంతే. రోజంతా దాంతో ఉండేది మీరు. నా దగ్గరికొచ్చాక అది బుద్ధిగా ఉంటుంది."

తల వంచుకుని "గుర్ర్... కిచ్" అన్నాను. ఆయన నవ్వలేదు. కళ్లు మూసుకుని విని, మరోసారి చేయమన్నారు. అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయించి, మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఒక్కోచోటా విన్నారు. తర్వాత బెల్టు తీసేసి నిమిషంపాటు ఇంజన్ నడిపారు. మూలుగు లేదు. "ఇంజన్‌కేం కాలేదు. బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చేదాంట్లో బేరింగ్ అరిగింది" అన్నారు. మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది.

భయపెట్టి పని చేయడం ఆయనకు రాదు. "ఇంజన్‌కి రేస్ ఇస్తే పోయేది రేకు శబ్దం. రేస్ ఇచ్చేకొద్దీ పెరిగేది లోపలి శబ్దం. రేకు మోగిందని నిద్ర పాడుచేసుకోకండి" అనేవారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి షట్టర్ దించేముందు గోళ్ల సందుల్లో గ్రీజు పోవాలని సబ్బుతో తెగ రుద్దేవారు. అది పోయేది కాదు. టీలో చక్కెర వద్దని గట్టిగా కేకేసి చెప్పి, అదే టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకు తినేవారు.

మూడేళ్ల కిందట నా భార్య పోయింది. మా ఇద్దరికీ పడదనుకునేవారు అందరూ, అంతగా పోట్లాడుకునేవాళ్లం. ఆ పోట్లాటలే మా కబుర్లని ఆవిడ పోయాక గానీ నాకు తెలియలేదు. మంగళవారాలు లోడ్లు ఉండవు. ఒక్కణ్ణీ ఇంట్లో కూర్చుంటే ఆ రోజు గడిచేది కాదు. ఓ మంగళవారం ఉండబట్టలేక బండి తీసుకుని షెడ్డుకి వెళ్లాను. "ఏంటండీ సంగతి?" అన్నారు. బండికేం లేదు. ఒంటరిగా ఉందని ఎట్లా చెప్పను? "ఆగినప్పుడు టిక్ టిక్ అంటోందండీ" అన్నాను.

ఆయన స్క్రూడ్రైవర్ ఆనించి పది నిమిషాలు విన్నారు. "ఇవాళ దొరకట్లేదు. వచ్చే మంగళవారం ఓసారి తీసుకురండి" అని టీ చెప్పారు.

మీకు నవ్వు రావచ్చు, అట్లా మూడేళ్లు వెళ్లాను. నేను చెప్పిన అబద్ధం నాకే గుర్తుండేది కాదు. "పోయినవారం టిక్ టిక్ అన్నారు, ఇప్పుడేమో గరగర అంటున్నారు. ఇది బండా, బ్యాండు మేళమా?" అన్నారొకసారి. దొంగ దొరికినట్టు నిలబడిపోయాను. ఆయన అప్పటికే స్క్రూడ్రైవర్ తీసుకుని వంగి వింటున్నారు.

ఖననం అయ్యాక నేనూ, లేత్ ఆయనా వచ్చి ఆ షట్టర్ ముందు నిలబడ్డాం. కడుపులో ఉన్నది దాచుకోలేక చెప్పేశాను. "నా బండికి ఏ శబ్దమూ లేదండీ. పాపం, ఆయన్ని మూడేళ్లు మోసం చేశాను."

"మేస్త్రీకి తెలీదనుకున్నారా?" అన్నాడాయన. "మొదటిరోజే చెప్పాడు నాకు. అది దొరికిందంటే ఈయన రావడం మానేస్తాడు, నేను కనిపెట్టనుగాక కనిపెట్టను అన్నాడు. మీరు లేటయితే రోడ్డు మీదకొచ్చి చూసేవాడండీ. ఆయనకి మాత్రం ఇంట్లో ఎవరున్నారు?"

ఎవరూ లేరని నాకు తెలియదు. మూడేళ్లలో ఒక్కసారైనా ఆయన ఇంటి సంగతి నేను అడగలేదు. నా గోల నాదే. ఆయన అంత విన్నారు, నేను ఏమీ వినలేదు. ఇది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

ఈ సోమవారం బండికి నిజంగానే శబ్దం వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగితే కింద గలగల. పక్కకి తీసి ఆపి, ఒక్కణ్ణే కూర్చుని నోటితో చేసి చూసుకున్నాను. రేస్ ఇస్తే పోయింది. రేకే. ఇంజన్ చల్లారాక కిందికి దూరి చూస్తే, సైలెన్సర్ మీది రేకుకి ఒక బోల్టు వదులైంది. బిగించి స్టార్ట్ చేశాను. ఏ చప్పుడూ లేదు. ఆ బండిలో అంత నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. మళ్లీ కిందికి దూరి, ఆ బోల్టుని ఒక్క చుట్టు వదులు చేశాను.

మర్నాడు మంగళవారం. వెళ్లి ఆ షట్టర్ ముందు ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. కింద రేకు గలగలమంటూనే ఉంది.