మామగారి నాడి

డెబ్బై దాటిన మనిషిని చూసి నలభై రెండేళ్లవాడు కుళ్లుకోవడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. నేను కుళ్లుకున్నాను. అదీ మా మామగారిని చూసి.

రెండేళ్ల క్రితం చలికాలంలో నాకో వైరల్ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఓపిక తిరిగి రాలేదు. స్నానం చేసొస్తే చాలు, మంచం మీద కూలబడేవాణ్ని. ఆఫీస్ మీటింగులన్నీ కెమెరా ఆపేసి, పడుకునే వినేవాణ్ని. టెస్టులన్నీ అయ్యాక డాక్టర్ క్రానిక్ ఫటీగ్ అని తేల్చాడు. దీనికంటూ ఒక మందు లేదు, ఉన్న ఓపికలోనే సర్దుకుని బతకడం నేర్చుకోవాలి అన్నాడు. మా ఆవిడ ఊరుకోలేదు. అమెరికాలో మేముండే బాతెల్‌లో, సరుకులు తెచ్చుకునే ఇండియన్ స్టోర్ పక్కనే ఉన్న చైనీస్ వైద్యురాలి దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. వారం వారం ఆక్యుపంక్చర్ సూదులు, రోజూ కషాయం. అందులో ఏమేం ఉన్నాయో మా డాక్టర్‌కి చూపించి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టాం.

సరిగ్గా అప్పుడే కాకినాడ నుంచి మామగారు వచ్చారు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మేం లేచేసరికే ట్రెయిల్ మీద నడిచొచ్చేసేవారు. డిష్‌వాషర్ మీద నమ్మకం లేక గిన్నెలన్నీ చేత్తోనే తోమేవారు. కారులోంచి బియ్యం బస్తా తీసి భుజాన వేసుకొస్తూ, సోఫాలో ఉన్న నాతో, "మీరు లేవకండి బాబూ, నేనున్నాగా" అనేవారు. ప్రేమగానే అనేవారు. నాకు మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

ఓ శనివారం మాతో పాటు క్లినిక్‌కి వచ్చారు. ఆ వైద్యురాలు పెద్దావిడ, మాటలు తక్కువ. ఎప్పట్లాగే నా నాలుక చూసి, రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు నాడి చూసి, నిట్టూర్చింది. తర్వాత కాళ్లకీ చేతులకీ సూదులు పెట్టి, కదలొద్దంది.

"మన కాకినాడ వైద్యుడు ఆచారిగారూ ఇలాగే చూసేవారమ్మా" అని మా ఆవిడతో అంటూ, మామగారు సరదాగా తన చెయ్యి కూడా చాపారు. ఆవిడ పట్టుకుని చూసింది. మొహం విప్పారింది. "వెరీ స్ట్రాంగ్! వెరీ గుడ్!" అంటూ అసిస్టెంట్‌ని కూడా పిలిచి ఆ నాడి పట్టుకు చూడమంది. అందరూ నవ్వుతున్నారు. నేను సూదులతో వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తున్నాను. ఆ చెయ్యి నాదెందుకు కాలేదు అనిపించింది.

అంతకంటే పెద్ద దెబ్బ సైకిల్ దగ్గర తగిలింది. సెకండ్ గ్రేడ్ చదివే మా అమ్మాయికి సైకిల్ నేర్పుతానని నేను మాటిచ్చి ఏడాదైంది. ఓ సాయంత్రం పైగది కిటికీలోంచి చూస్తే, మామగారు లుంగీ ఎగ్గట్టి, సీటు పట్టుకుని, దాని వెనకాల పరిగెడుతున్నారు. "తాతయ్యా, డోంట్ లెట్ గో!" అని అది అరుస్తోంది. అక్కడ ఉండాల్సింది నా చెయ్యి. పరదా లాగేసి పడుకున్నాను.

తర్వాతి వారం సూదులయ్యాక ఎందుకో ఒళ్లు తేలిగ్గా అనిపించింది. ఎవరితోనూ చెప్పకుండా బూట్లు వేసుకుని బయటికెళ్లి, "ఇవాళ నేను పట్టుకుంటానండీ" అని మామగారి చేతిలోంచి సీటు తీసుకున్నాను. వీధి చివరిదాకా పరిగెత్తాను. "డాడీ, యు ఆర్ ఫాస్ట్!" అంది అమ్మాయి. నేను చూసింది దాన్ని కాదు, మామగారి మొహం. ఆయన చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు లేవలేకపోయాను. ఆ తర్వాత చాలా రోజులు కూడా. వెలుతురు పడేది కాదు, మాట పడేది కాదు. కాస్త కోలుకుని క్లినిక్‌కి వెళ్తే ఆ పెద్దావిడ కోప్పడింది. కొంచెం బలం రాగానే మొత్తం ఖర్చు పెట్టేశావు, సగమే వాడు, సగం దాచుకో అంది.

ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చాను. పొయ్యి దగ్గర మామగారు నా కషాయం గ్లాసులోకి వడకట్టి, గుటక వేస్తున్నారు.

"మీకెందుకండీ మామయ్యగారూ అది? ఉన్న బలం చాల్లేదా?"

నా గొంతు నాకే వికారంగా వినిపించింది. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"బలానికి కాదు బాబూ. ఏ వేరో, ఏ బెరడో మనకేం తెలుసు? మొదట్నుంచీ మీకిచ్చే ముందు ఓ గుటక నేను వేసుకుని, కాసేపు చూసి ఇస్తున్నాను. మా అమ్మాయికి చెప్పకండి, నన్ను తిడుతుంది."

ఆయన కుర్చీ జరిపారు. కూర్చున్నాను. గ్లాసు అందించారు. చేదంతా తాగేశాక, "మిమ్మల్ని చూస్తే నాకు కుళ్లుగా ఉంటుందండీ" అనేశాను.

ఆయన గిన్నె కడుగుతూనే, "ఉండదూ మరి? మీ వయసులో మంచానపడితే నాకైనా ఉంటుంది" అన్నారు. అంతే. ఓదార్చలేదు, నొచ్చుకోలేదు. ఆ రోజు ఇద్దరం బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు కరెంటు స్తంభాల గురించి మాట్లాడుకున్నాం.

కుళ్లు పోయిందని చెప్పను. ఆయన కాకినాడ తిరిగెళ్లే రోజు ఎయిర్‌పోర్టులో తన సూట్‌కేసులు తనే ట్రాలీ మీదికి ఎత్తుకుంటుంటే నేను పక్కకి చూశాను. ఇప్పుడు కషాయం నేనే, స్టూల్ వేసుకుని కూర్చుని కాచుకుంటున్నాను. ఉద్యోగం సగం పూట చేస్తున్నాను. సూదుల వల్లో, కషాయం వల్లో, సగం దాచుకోవడం వల్లో తెలియదు గానీ, స్నానం చేశాక ఇప్పుడు పడుకోనక్కర్లేదు. మొన్న అమ్మాయి సైకిల్ మీద ముందు వెళ్తుంటే నేను వెనకాల నడిచాను. మలుపు దగ్గర బెంచీ వచ్చింది. ఇంకొంచెం నడవగలననే అనిపించింది. అయినా అక్కడే ఆగి, దాన్ని పిలిచి, ఇంటికి తిరిగొచ్చేశాను.