కుక్కకి పెట్టిన ముద్ద

ఏప్రిల్ రెండో వారంలో సరిహద్దు డ్యూటీ మీద చాంగ్‌తాంగ్ చేరాను. లడఖ్‌కి తూర్పు కొస. పల్చటి గాలికి అలవాటు పడాలని ఆరు రోజులు లేహ్‌లో ఉంచారు. ఏడో రోజు తెల్లవారి అయిదింటికి ట్రక్కు ఎక్కాం. మధ్యాహ్నం రెండున్నరకి పోస్టు. ఎత్తు పద్నాలుగు వేల అడుగుల పైమాటే. ఎండలో మొహం మాడుతోంది, నీడలో వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చెట్టన్నది లేదు. రాజోలు కొబ్బరితోటల్లో పుట్టినవాణ్ణి. ఆకాశమంతా ఒక్కసారే కనబడేసరికి ఎటు చూడాలో తెలియలేదు.

దారిలో అభయారణ్యం అని బోర్డు ఉంది. అరణ్యం ఏదీ అని నవ్వుకున్నాను. వారం తిరక్కుండానే ఆ నవ్వు ఆగింది. కియాంగ్‌లనే అడవి గాడిదలు మా ట్రక్కుతో పందెం వేసుకుని పరుగెత్తేవి. పందికొక్కుకి పెద్దన్నల్లా ఉండే మర్మోట్‌లు బొరియల ముందు నిలబడి ఈల వేసేవి. బుర్సే అని ఒక పొద, మోకాలెత్తు కూడా ఉండదు. ఆకు నలిపి వాసన చూస్తే అచ్చం దవనం. మా ఆవిడ మల్లెపూల మధ్య కట్టుకునే దవనం. ఇంటిమీద బెంగతో కళ్ళు నిండాయి. ఎవరూ చూడకుండా నల్ల కళ్ళజోడు పెట్టుకున్నాను.

పోస్టుకి దిగువన చిత్తడి, దాని మధ్య గడ్డి దిబ్బ. మే నెలలో ఆ దిబ్బ మీద నల్లమెడ కొంగల జంట గూడు పెట్టింది. మనిషి ఛాతీ ఎత్తు పక్షులు. పొద్దున్న ఆరు నుంచి పది దాకా కొండమీద బైనాక్యులర్‌తో కాపలా నాది. కింద బంకర్లో రేడియో ఆపరేటరు మండపేట మనిషి. రిపోర్టు అయ్యాక రోజూ అడిగేవాడు.

"మనోళ్ళు ఎలా ఉన్నారండి?"

"గూట్లో ఒకటి, కాపలాకి ఒకటి."

"ఆయ్. డ్యూటీ మనకన్నా బాగా చేస్తన్నారండి."

జూన్ ఆఖరుకి పిల్ల బయటికొచ్చింది. ఒక్కటే. అక్టోబరులో నేను దిగిపోయేలోపు అది ఎగరడం చూడాలి. అక్కడ నాకున్న కోరికల్లా అదే.

ఇక నా నిర్వాకం. మా ఇంట్లో అన్నం తిని చెయ్యి కడిగేముందు ఒక ముద్ద కుక్కకి పెడతాం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పోస్టులోనూ రోజూ ఒక ముద్ద రాతిగోడ అవతల పెట్టేవాణ్ణి. మొదట ఒక ఎర్రకుక్క వచ్చింది. జులై నాటికి నాలుగయ్యాయి. ఎర్రదంటే నాకు ముద్దు.

మేకల్ని తోలుకెళ్ళే చాంగ్‌పా తెగకి చెందిన పెద్దాయన ఒకరోజు అది చూసి ఆగాడు. "అన్నం పెట్టకు బాబూ. కుక్కలు గుంపు కడితే పక్షులుండవు," అన్నాడు హిందీలో.

"కడుపు నిండిన కుక్క వేటకెందుకు పోతుంది పెద్దాయనా?" అన్నాను. మా ఊళ్ళో కుక్క పడుకున్న గట్టుమీదే కొంగలు తిరుగుతాయి. నాకు తెలిసిన లోకం అంతే. ఆయన చిత్తడికేసి ఓసారి చూసి వెళ్ళిపోయాడు.

జులై మూడో వారం. ఉదయం ఆరూ నలభై. చిత్తడిలో నీళ్ళు తగ్గాయి. బైనాక్యులర్‌లో నాలుగు కుక్కలు దిబ్బ వైపు నడుస్తున్నాయి. ముందు ఎర్రది. కాల్పులు జరపకూడదని ఆర్డరు. రేడియోలో చెప్పాను.

"కుక్కలు గూటి దగ్గరికి పోతున్నాయి. నేను దిగుతున్నా."

"పరిగెట్టకండి. ఊపిరాడదండి."

పరుగెత్తాను. రెండు వందల గజాలకే మోకాళ్ళమీద పడ్డాను. లేచి వెళ్ళేసరికి కొంగలు రెండూ రెక్కలు చాపి అరుస్తున్నాయి. పిల్ల లేదు. ఎర్రకుక్క నన్ను చూసి నీళ్ళలోంచి తోక ఊపుకుంటూ వచ్చింది. మూతికి పిల్ల నూగు అంటుకుని ఉంది. నా చెయ్యి వాసన చూసింది. అన్నం కోసం.

మిగిలిన అన్నం గోతిలో పూడ్చమని ఆ సాయంత్రమే పోస్టు కమాండరు ఆర్డరు వేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మర్నాడు పొద్దున్న రిపోర్టు అవగానే మండపేట ఆయన "అవుట్" అని రేడియో పెట్టేశాడు.

రిటైరయ్యి ఇప్పుడు ఇంటిపట్టునే ఉన్నాను. "కుక్కకి పెట్టేరాండి?" అంటుంది మా ఆవిడ. "ఆయ్, పెట్టేను," అంటాను. పెడతాను కూడా, దాని తప్పేముంది. అది తోక ఊపితే మాత్రం లోపలికొచ్చేస్తాను. చేలో దమ్ము చేస్తుంటే తెల్లకొంగలు ట్రాక్టరు వెనక వాలతాయి. అప్పుడు ఆ చిత్తడికి మళ్ళీ పోవాలనిపిస్తుంది. ఆ జంట పక్కన మూడోది ఒకటి తిరుగుతుంటే చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది.

అక్టోబరులో దిగిన రోజు ట్రక్కు వెనక కూర్చుని చూశాను. రెండూ నీళ్ళ అంచున నిలబడి ఉన్నాయి, మధ్యలో పిల్ల పట్టేంత చోటు వదిలి.