బహువచనం రాని ఎంపీ

మా ఎంపీ కంబగిరిరెడ్డి గారికి బహువచనం రాదు.

గౌరవానికి వాడే ‘మీరు’, ‘వారు’ సంగతి కాదు నేను చెప్పేది. అవి బాగానే వచ్చు. ఆయనకు రానిది ‘రైతులు’, ‘మహిళలు’, ‘ప్రజలు’ అనే బహువచనం. ఆ మాటలు ఆయన నోటివెంట రావడం నంద్యాలలో విన్నవాళ్ళు లేరు. ఎన్నికల్లో ఎట్లా నెగ్గాడని అడుగుతారేమో. ఇల్లిల్లూ తిరిగి, ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి నెగ్గాడు. గొంతు పోయింది, ఓట్లు వచ్చాయి.

నా పేరు ఎలీషా. మాది ఆళ్ళగడ్డ. నాలుగేళ్ళుగా ఆయనకు ప్రసంగాలు, ప్రెస్‌నోట్లు రాస్తున్నాను. శ్రీనివాస సెంటర్ దగ్గరున్న ఆఫీసులో చేరిన మొదటిరోజే మంచి ఊపు మీద ఒక ప్రసంగం రాసి చేతికిచ్చాను. ‘నంద్యాల పార్లమెంటు నియోజకవర్గ ప్రజలు తాగునీటి కోసం తల్లడిల్లుతున్నారు’ అని మొదలు. ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

“ఎవరప్పా వీళ్ళు?”

“ఎవరన్నా?”

‘ప్రజలు’ అన్న మాట మీద వేలు పెట్టి చూపించాడు. “వీళ్ళే. యాడుంటారు?”

“అంతటా ఉంటారన్నా.”

“నువ్వు చూసినావా? నీళ్ళకు ఎవరు ఇబ్బంది పడతాండారో ఒక పేరు చెప్పు.”

నాకు తట్టిన పేరు ఒకటే. “మా పిన్నమ్మ పడతాందన్నా.”

“పేరు?”

“సువార్తమ్మ.”

“ఇల్లు?”

“చర్చి ఎనక రెండో సందు. గేటు విరిగిపోయి ఉంటాది.”

“అదీ మాటంటే! గేటు సంగతి గూడా రాయి.”

ఆ విధంగా మా పిన్నమ్మ జిల్లా సమీక్షా సమావేశానికి ఎక్కింది. పన్నెండు మంది ఇంజనీర్లు ఆమె పేరు, విరిగిన గేటుతో సహా, డైరీల్లో రాసుకున్నారు. ఆమెకు ఈ కబురు చెబితే, “ముందే చెప్పకపోతివి, మంచి చీర కట్టుకుని నేనే వస్తుంటి గదరా” అని నన్నే తిట్టింది.

ప్రెస్‌నోట్ల దగ్గర ఇంకో అవస్థ. నందికొట్కూరులో బస్ షెల్టర్ ప్రారంభించి వచ్చాం. అలవాటు ప్రకారం చివర్లో ‘కార్యక్రమంలో పలువురు నాయకులు, కార్యకర్తలు పాల్గొన్నారు’ అని రాశాను. ఆయన ‘పలువురు’ కింద గీత కొట్టి, జ్ఞాపకం నుంచి అరవై పేర్లు చెప్పాడు. పెద్ద మద్దిలేటి, చిన్న మద్దిలేటి, వాళ్ళిద్దరితో మాట్లాడని నడిపి మద్దిలేటి. నోటు నాలుగు పేజీలయింది. సాయంత్రం విలేకరి రాజశేఖర్ ఫోన్ చేశాడు.

“ఎలీషా, ఇది ప్రెస్‌నోటా, ఓటర్ల జాబితానా?”

“ఉన్నంతలో వెయ్యన్నా.”

ఉన్నంతలోనే వేశాడు. ఎంపీ పేరుతో మొదలై చిన్న మద్దిలేటి దాకా వచ్చేసరికి వార్తకిచ్చిన చోటు నిండిపోయింది. అంతమంది కలిసి ఏం ప్రారంభించారో చెప్పడానికి స్థలం మిగల్లేదు. నడిపి మద్దిలేటి తన పేరు లేదని పొద్దున్నే ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు.

ఫేస్‌బుక్, వాట్సాప్ సంగతులు చూసే అనిత నాకంటే ఓర్పున్న మనిషి. ఉగాదికి ఆయన చేతులు జోడించిన ఫొటో పెట్టి, ‘నియోజకవర్గ ప్రజలందరికీ శుభాకాంక్షలు’ అని తయారుచేసింది.

“పేర్లు ల్యా?” అన్నాడు ఆయన.

“పదహారు లక్షల మంది ఉండారన్నా.”

“రోజుకిన్ని పెట్టు.”

అనిత ఫోన్‌లో లెక్కవేసి చూపించింది. “రోజుకు నూరు పేర్లు పెట్టినా నలభై నాలుగేళ్ళు పడతాదన్నా. మన పదవి ఐదేళ్ళే.”

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. “సరేలే, మొదలైతే పెట్టు. తరవాత వచ్చే ఎంపీ చూసుకుంటాడు.”

మొదటిరోజు యాగంటి నుంచి నూరు పేర్లు పెట్టింది. నూట ఒకటో మనిషి అరగంటలో ఫోన్ చేశాడు.

ఇదంతా నంద్యాలలో ఉన్నంతవరకు నవ్వుకునే సంగతే. ఢిల్లీలో నవ్వులాట కాదు. లోక్‌సభలో కొత్త ఎంపీకి మాట్లాడే అవకాశం దొరకడమే కష్టం. దొరికినా రెండు మూడు నిమిషాలు. ఆలోపు సమస్య చెప్పాలి, డిమాండ్ చెప్పాలి, కూర్చోవాలి. టమాటాకు గిట్టుబాటు ధర అడగమని నేను రాసిచ్చాను. ఆయన లేచి, “అధ్యక్షా, ప్యాపిలిలో రామలక్ష్మమ్మ అని ఉంది. బస్టాండు ఎనక, నీళ్ళ ట్యాంకు దాటినాక, కంపచెట్ల దిన్నె పక్కన ఆమె చేను” అని మొదలుపెట్టాడు. గ్యాలరీలో కూర్చుని నేను చెవులకు పెట్టుకున్న యంత్రంలో అనువాదం విన్నాను. అనువాదకుడు నీళ్ళ ట్యాంకు దాకా బాగానే పరిగెత్తాడు. కంపచెట్ల దిన్నె దగ్గర చతికిలబడ్డాడు. ఆమె ఎన్ని గంపలు కోసిందో చెబుతుండగా మైకు ఆగిపోయింది. ధర సంగతి ఆయన కడుపులోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం పార్టీ పెద్ద ఒకాయన పిలిపించాడు.

“రెడ్డిగారూ, నియోజకవర్గాన్ని ఒక్కొక్కరి చొప్పున సభకు తెస్తారా ఏమిటి?”

“తేలేను సార్. అనిత లెక్కేసింది. నలభై నాలుగేళ్ళు పడతాదంట.”

ఆ పెద్దాయన నవ్వలేదు. “ఇంకొక్క అవకాశం ఇప్పిస్తాను. పద్ధతిగా మాట్లాడండి. లేకపోతే వచ్చేసారి టికెట్ గురించి మేం ఆలోచించుకోవాల్సి వస్తుంది” అన్నాడు.

ఆ ఒక్క అవకాశం వచ్చే ముందే, ఒక సోమవారం, లూదియా నంద్యాల ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఆళ్ళగడ్డలో శిల్పులు చెక్కిన విగ్రహాలకు నునుపు పట్టే పని ఆమెది. వచ్చీరాగానే కుడిచెయ్యి తీసి బల్లమీద పెట్టింది.

“చూడన్నా. ఇరవై రెండేండ్లు దేవుండ్ల ముక్కులు, చెవులు రుద్దితి. వాళ్ళు నున్నగయినారు, నేను నున్నగయితి.”

బొటనవేలి మీద ఒక్క గీత లేదు. నదిలో దొర్లిన గులకరాయిలాగా ఉంది. రేషన్ స్టోరులో వేలిముద్ర మిషన్ ఆ వేలిని ఒప్పుకోవడం లేదు. మూడు నెలలుగా బియ్యం రాలేదు.

“ఫోన్‌కు నెంబరు వచ్చే పద్ధతి ఉందిగదమ్మా?” అన్నాన్నేను.

“ఉందంటప్పా. దానికి ఫోన్ నెంబరు ఎక్కియ్యాలంట. నెంబరు ఎక్కియ్యాలంటే వేలు పెట్టాలంట.”

“కన్ను చూసే మిషన్?”

“అది ఉండే చోటికి రెండుసార్లు పోయొస్తి. ఒకసారి అది చెడిపోయిండ్య, ఇంకోసారి మనిషి ల్యా.”

కంబగిరన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇల్లు ఏ వీధి? గడపకు ఏం రంగు? ఎదురుగా ఎవరు? ఇంట్లో ఎందరు? నాకు ఒళ్ళు మండుతోంది. బియ్యం రాని మనిషిని గడప రంగు అడుగుతాడేంది?

“ఇప్పుడు ఏ సామిని రుద్దుతాండావమ్మా?” అని కూడా అడిగాడు.

“హనుమంతున్ని అన్నా. తోక కాడ ఉండా.”

నేను మాత్రం నా పద్ధతిలో పనిచేశాను. ఆళ్ళగడ్డ షెడ్లన్నీ తిరిగితే, లూదియా కాకుండా వేళ్ళు అరిగినవాళ్ళు ఇంకా నలభై ఒక్కమంది తేలారు. దాన్ని ఆధారం చేసుకుని, ‘దేశవ్యాప్తంగా రాతి పనిలో వేలిముద్రలు కోల్పోయిన లక్షలాది కార్మికులు’ అని మూడు నిమిషాలకు సరిగ్గా సరిపోయే ప్రసంగం రాశాను. నేను రాసినవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు. ఆయన శ్రద్ధగా చదివాడు. “బాగుందప్పా” అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికి తియ్యలేదు.

సభలో ఆయన లేచి చెప్పింది ఇది: “అధ్యక్షా, ఆళ్ళగడ్డలో లూదియా అని ఉంది. చర్చి వీధిలో నాలుగో ఇల్లు, గడపకు పచ్చరంగు. ఎదురుగా యాకోబు సైకిల్ షాపు. ఈమె వేలు అరిగిపోయింది. మూడు నెలల నుంచి బియ్యం ల్యా. ఈమెకు ఎప్పుడిస్తారో మంత్రిగారు ఈ సభకు చెప్పాల. పొద్దున ఎనిమిది దాకా ఇంట్లో ఉంటాది. తరవాత షెడ్డులో ఉంటాది. ఇప్పుడైతే హనుమంతుని తోక కాడ…”

మైకు అక్కడ ఆగింది.

మరునాటికి ఆ ముక్క ప్రతి ఫోన్‌లోనూ ఉంది. ‘తోక ఎంపీ’ అని పేరు పెట్టారు. వెనక పాట కలిపారు, ఆయనకు తోక కూడా తగిలించారు. పదకొండు లక్షల మంది చూశారు. “మన పేజీ ఇంతమంది ఎప్పుడూ చూడలేదన్నా” అని అనిత ఏడుపు గొంతుతో చెప్పింది. పార్టీ పెద్దాయన ఫోన్ చెయ్యడం కూడా మానేశాడు. నేను రాజీనామా కాగితం రాసుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

“లక్షలాది అని రాసిస్తే ఒక్కరని చెప్తివి. అందరూ నవ్వుతాండారన్నా.”

“నవ్వనీలే. లూదియమ్మకు ఎవరన్నా ఫోన్ చేసినారా, ఢిల్లీ నుంచి?”

“ఎవరు చేస్తారన్నా!”

“చేస్తారు. రానీ.”

నా కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆ మనిషికి రాజీనామా ఇవ్వాలన్నా, ఎందుకో చెప్పాలి కదా. చెబితే వినే ధ్యాసలో లేడు.

నెలన్నర తర్వాత ఆళ్ళగడ్డకు ఒక జీపు వచ్చింది. దాంట్లోంచి ఢిల్లీ వాళ్ళు పంపిన అజయ్ కుమార్ అనే యువ అధికారి, కన్ను చూసే మిషన్ పెట్టె పట్టుకుని దిగాడు. ముందురోజే కబురు అందినా, ఎంపీ, నేను నంద్యాల నుంచి అక్కడికి చేరేసరికి లూదియా పని పూర్తయిపోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదట. అధికారి గోడవారగా నిలబడి టీ తాగుతున్నాడు. ఆగలేక అడిగాను.

“ఒక్క మనిషి కోసం అంత దూరం నుంచి వచ్చినారా సార్?”

ఆయన నావైపు అలసటగా చూశాడు. “మీ ఎంపీగారు లక్షలాది కార్మికులు అని ఉంటే మేం కుర్చీలోంచి లేచేవాళ్ళం కాదండీ. ‘తగు చర్యలు తీసుకుంటున్నాం’ అనే జవాబు మా దగ్గర ఎప్పుడూ తయారుగానే ఉంటుంది. కానీ ఈమెకు ఎప్పుడిస్తారని అడిగారు. వీధి, గడప రంగు, ఎదురుగా సైకిల్ షాపు, అన్నీ సభ రికార్డులో ఉన్నాయి. మనిషి దొరకలేదని రాయడానికి కూడా వీల్లేదు. ఎనిమిదిలోపు వస్తే ఇంట్లోనే ఉంటుందని కూడా చెప్పారాయె.”

నేను ఎంపీ వైపు తిరిగాను. ఆయన నా మొహం చూడకుండా వీధి చివరికి చూస్తున్నాడు. అక్కడినుంచి మనుషులు వస్తున్నారు. ఒంటినిండా రాతిపిండి, భుజాన తువ్వాలు. నేను షెడ్లలో లెక్కపెట్టిన ఆ నలభై ఒక్కరే. ముందురోజు సాయంత్రం ఆయన నా జాబితా తీసుకుని ఒక్కొక్కరికి ఫోన్ చేసి, లూదియమ్మ ఇంటికాడికి టీకి రమ్మన్నాడట.

అధికారి గ్లాసు కింద పెట్టాడు. “సార్, నాకిచ్చిన ఉత్తర్వు లూదియా ఇంటికి వెళ్ళి చూడమని.”

“ఇది లూదియమ్మ ఇల్లే గదప్పా. నువ్వు వచ్చినావు, చూస్తాండావు. ఉత్తర్వు యాడ తప్పింది?”

అధికారి నవ్వేశాడు. మిషన్ మళ్ళీ తెరిచాడు. కంబగిరన్న కాగితం చూడకుండా ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టాడు. “ఏలీయా, రాప్పా. మోకాలు తగ్గిందా? శ్రీకాంతూ, నువ్వు తరవాత. జకరయ్యా, కళ్ళజోడు తియ్యాల.” షెడ్లలో తిరిగింది నేను. నాకు నలభై ఒకటి అనే అంకె ఒక్కటే గుర్తుంది.

మధ్యాహ్నం మూడింటికి అందరి పనీ అయింది. ఊరంతా తోక ఎంపీ అని ఎగతాళి చేస్తుంటే ఆయన ఎందుకు కిమ్మనలేదో నాకు అప్పుడర్థమయింది. ఎవరితోనైనా వాదించి ఉంటే, ఒక్క పేరు చెప్పి మిషన్‌ను రప్పించే ఈ ఎత్తు బయటపడేది. జవాబు ఢిల్లీలోనే తయారయ్యేది, జీపు ఇక్కడిదాకా వచ్చేది కాదు. టికెట్ సంగతంటారా, పార్టీ ఇంకా పరిశీలిస్తూనే ఉంది. తగు చర్యలు తీసుకుంటున్నారు.

బయలుదేరబోతుంటే లూదియా కారు దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో సంతోషం కంటే ఇబ్బంది ఎక్కువగా ఉంది.

“ఏందమ్మా, ఇంగా ఏమన్నా ఉందా?” అన్నాడు కంబగిరన్న.

“బియ్యం వస్తాయిలే అన్నా, దానికేంల్యా. మా ఆడబిడ్డతోనే వచ్చింది చిక్కు. ఢిల్లీలో నా పేరు చెప్పి ఆమె పేరు చెప్పల్యా అని, ఆపొద్దు నుంచి నాతో మాటల్లేవు.”

కారులో సగం ఎక్కిన మనిషి మళ్ళీ దిగాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు.

“పేరేందమ్మా ఆమెది? ఇల్లెక్కడ?”

“అన్నా, పొద్దు పోతాంది, కారెక్కు” అన్నాను.

“ఆగప్పా” అన్నాడు. “గేటుకు ఏం రంగమ్మా?”