చల్లారని బెల్లంనీళ్లు

బెల్లం కరిగే వాసన వస్తే నా కళ్లు ముందు గడియారం మీదికి వెళతాయి. మొన్న ఉదయం మా కోడలు పరమాన్నం కోసం బెల్లం కరగబెట్టి గిన్నె కిందికి దించింది. నేను క్యాలెండరు అంచున 7.40 అని రాశాను. "దీనికి కూడా టైమెందుకు అత్తయ్యగారూ?" అని నవ్వింది. వేడిగా పోస్తే పాలు విరుగుతాయని చెప్పాను. ఆ మాట నిజమే. కానీ నేను టైము వేసింది అందుకు కాదు.

జరిగినది జరిగినప్పుడే రాయడం నాకు దేవసహాయం గారు నేర్పారు. ఆయన మా బ్లాకు ఆఫీసులో వ్యవసాయ విస్తరణాధికారి. నేను ఆయన కింద పనిచేసే గ్రామసేవికని, అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆయన ఆదివారం ఉదయం లూథరన్ చర్చిలో, మిగతా ఆరు రోజులూ గోదావరి లంకల్లో ఉండేవారు. ఉద్యోగంలో చేరిన రోజే నాకొక నోటుపుస్తకం ఇచ్చి, "మొక్క అబద్ధం ఆడదమ్మా, మనమే ఆడతాం. చేసిన పని చేసినప్పుడే టైము వేసి రాయి. ఇంటికెళ్లాక రాస్తే అది కథ అవుతుంది" అన్నారు. ఆయన పెద్దగా నవ్వే మనిషి కాదు. పొగిడే మనిషి అసలే కాదు. నా పేజీలు చూసి ఒక్కోసారి తల ఆడించేవారు. ఆ తల ఆడింపు కోసం నేను పడవ ఎక్కిన టైము కూడా రాసేదాన్ని.

1978 నవంబరులో, వరద తీసిన లంకలో వీరన్న అనే కౌలురైతు చేత ఎకరంలో సగం మొక్కజొన్న, సగం సోయాచిక్కుడు వేయించాలని ఆయన పట్టుపట్టారు. ఏటా ఆ ఎకరంలో వీరన్న మినుములు వేసుకునేవాడు. ఏడాది పొడుగునా ఇల్లు గడిచేది వాటితోనే. మొక్కజొన్న సాళ్లలో జింకు సల్ఫేటు వేయాలి. సోయా గింజలకి మాత్రం ప్యాకెట్లో వచ్చే నల్లటి కల్చరు పట్టించాలి. బెల్లంనీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి, అందులో కల్చరు కలిపి, ఆ జిగురుని గింజలకి పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తాలి. వీరన్న ప్యాకెట్టు విప్పి చూసి, "ఇదేంటి బాబుగారూ, లాంతరు మసిలా ఉందండి?" అన్నాడు.

"మసి కాదయ్యా, ప్రాణమున్న సరుకు. కంటికి కనపడని జీవాలు. వేళ్లకి బుడిపెలు కట్టి, గాలిలోంచే మొక్కకి ఎరువు తీసిస్తాయి. నువ్వు యూరియా వేయక్కర్లేదు."

"వాటికి కూలి ఎంతివ్వాలండి మరి?" అన్నాడు వీరన్న. ఆయన కూడా నవ్వారు. నేను చూసిన కొద్ది నవ్వుల్లో అదొకటి.

విత్తే రోజు ఉదయం దేవసహాయం గారు మొక్కజొన్న సాళ్లలో జింకు వేయిస్తూ అవతలి చివర ఉన్నారు. కల్చరు పని నాకు అప్పగించారు. "చల్లారాకే కలుపు, వేడికి ఆ జీవాలు చచ్చిపోతాయి" అని రెండుసార్లు చెప్పారు. వీరన్న పాక ముందు పొయ్యి మీద నీళ్లు కాచి 8.10కి దించాను. సాళ్లు తీసిన కూలీలు గట్టు మీద కూర్చుని ఉన్నారు. వీరన్న భార్య మంగమ్మ రెండుసార్లు వచ్చింది. "అమ్మాయిగారండీ, ఎండెక్కిపోతోంది. బెల్లంనీళ్ల దగ్గర తపస్సు చేస్తే గింజలు వాటంతటవే నడిచెళ్తాయా?" అంది. ఆడవాళ్లందరూ నవ్వారు. గిన్నె పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అయినా కలిపేశాను. కలిపిన టైము 8.25 అని రాశాను. అలవాటు అటువంటిది. సాయంత్రం ఆయన "చల్లారిందా అమ్మా?" అని అడిగితే "చల్లారిందండి" అన్నాను.

నెల తిరిగేసరికి మొక్కజొన్న నల్లపచ్చగా లేచింది. దాని పక్కన సోయా కామెర్లొచ్చిన మనిషిలా ఉంది. దేవసహాయం గారు వంగి ఒక మొక్క పెకలించి నీళ్లలో వేళ్లు కడిగారు. తర్వాత ఇంకొకటి, అలా పదకొండు మొక్కలు. ఏ వేరుకీ ఒక్క బుడిపె లేదు. ఆయన గట్టు మీద కూర్చుని నా పుస్తకం అడిగారు. ఇచ్చాను. ఆయన వేలు 8.10 మీద ఆగింది, 8.25 మీద ఆగింది. పుస్తకం మూసి నా చేతికిచ్చేశారు.

"తప్పెక్కడుందండి బాబుగారూ?" అన్నాడు వీరన్న.

"నాదేనయ్యా. దగ్గరుండి చూసుకోలేదు."

"మాకేం తెలుస్తుందండి. మీరు చెప్పారని మినుములు మానేశాం." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ తర్వాత సోయాకి యూరియా వేసినా కాయ నిండలేదు. ఆ వేసవిలో మంగమ్మ ఇటుక బట్టీకి వెళ్లింది.

రిపోర్టులో ఆయన తన పర్యవేక్షణ లోపమని రాశారు. మరుసటి ఏడు ప్రదర్శన క్షేత్రాలు వేరేవారికిచ్చి, ఆయనకి ఎరువుల గోడౌను అప్పగించారు. నాలుగు నెలలు ఆగి నేను అక్కడికి వెళ్లాను. "సార్, ఆ రోజు నీళ్లు వేడిగానే ఉన్నాయండి. తెలిసే కలిపాను."

"నువ్వే రాశావుగా అమ్మా. నాకు చెప్పడానికి ఇంకేం మిగిలింది?" బస్తాలు లెక్కపెట్టడం ఆపలేదు. "వీరన్న మాత్రం ఆ నల్లపొడే మోసమనుకుంటున్నాడు. అతనికి చెప్పు. చెప్పిన తారీఖు ఆ పేజీలోనే వెయ్యి."

వెళతానన్నాను. రేవు దాకా మూడుసార్లు వెళ్లాను. ఆ మూడు తారీఖులూ పుస్తకంలో ఉన్నాయి. పడవ ఎక్కినట్టు మాత్రం ఎక్కడా లేదు. తర్వాత వచ్చిన వరదకి ఆ లంక సగం కోసుకుపోయింది. వీరన్న వాళ్లు కోరుకొండ వైపు వెళ్లారని విని, అప్పుడు వెతికాను. దొరకలేదు. రిటైరైన రెండో ఏడు దేవసహాయం గారు పోయారు. ఆ తర్వాత నా సర్వీసంతా ఎందరో రైతులకి కల్చరు పట్టించాను. ఒక్కసారీ తొందరపడలేదు. వీరన్నకి చెప్పిన తారీఖు వేద్దామని ఆ పేజీలో 8.25 కింద గీసుకున్న గీత మీద ఇప్పటికీ ఏ తారీఖూ లేదు.

"అత్తయ్యగారూ, బెల్లం పొయ్యమంటారా?" అని మొన్న మా కోడలు వంటింట్లోంచి పిలిచింది. గడియారం చూస్తే 8.20. దించి నలభై నిమిషాలు. వెళ్లి గిన్నెలో వేలు పెట్టాను.

ఇంకా వెచ్చగానే ఉంది.